యీజింగ్‌తో ప్రశ్న వేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

యీజింగ్ అంటే ఏమిటి?

చైనాలో జోస్యానికి వాడే ప్రాచీన గ్రంథం. ఇంగ్లిష్ పుస్తకాల్లో ఐ చింగ్ అని కనిపించేది ఇదే. నిండు గీత (యాంగ్), మధ్యలో తెగిన గీత (యిన్) ఈ రెండే ఇందులో అక్షరాలు. వీటిని ఆరు వరసల్లో పేరిస్తే 64 చిత్రాలు వస్తాయి. ఒక్కో చిత్రాన్ని చైనీయులు గువా అంటారు, మేమూ అదే మాట వాడుతున్నాం. ప్రతి గువాకూ ఒక తీర్పు వాక్యం, అందులోని ప్రతి గీతకూ ఒక వాక్యం ఉంటాయి. అంటే గీతల వాక్యాలు 384. మొదటి రెండు గువాలకు మాత్రం అదనంగా ఒక్కో వాక్యం ఉంది.

మూల వాక్యాలు పశ్చిమ చౌ రాజ్యకాలానివని, అంటే క్రీ.పూ. 771కి ముందువని పండితుల్లో ఎక్కువమంది లెక్క. ‘పది రెక్కలు’ అనే వ్యాఖ్యానాలు తర్వాతి శతాబ్దాల్లో చేరాయి. వాటిని కన్ఫ్యూషియస్ రాశాడన్నది సంప్రదాయం చెప్పే మాట, ఇప్పటి పరిశోధకులు ఒప్పుకోరు.

తాబేటి చిప్పల మీద జోస్యం చెప్పేవారట, అది ఇదేనా?

కాదు. అది అంతకు ముందరి షాంగ్ రాజుల పద్ధతి. తాబేటి అడుగుచిప్పకో, ఎద్దు భుజపుటెముకకో వెనకవైపు గుంటలు తొలిచి, అక్కడ కాక తగిలించి, ముందువైపు పడిన పగుళ్లను చదివేవారు. ఆ ఎముకల మీది రాతను 1899లో వాంగ్ యీరోంగ్ అనే పండితుడు గుర్తించాడు. హెనాన్ రాష్ట్రంలోని అన్‌యాంగ్ దగ్గర అవి గుట్టలుగా దొరికాయి. చరిత్రకారులకు అది గొప్ప నిధి. ఇంట్లో ప్రశ్న వేసుకునేవాళ్లకు దానితో పని లేదు.

ఇది నిజంగా భవిష్యత్తు చెబుతుందా?

చెబుతుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. నాణేలు ఎలా పడాలో అలా పడతాయి. ఇప్పుడు దీన్ని వాడేవాళ్లలో చాలామంది తమ సమస్యను తాము అనుకోని వైపు నుంచి చూడటానికి వాడతారు. పాత పద్ధతిలో పూర్తిగా నమ్మి వేసేవాళ్లూ ఉన్నారు. రెండు రకాలవాళ్లకూ విధానం ఒక్కటే, తప్పులూ అవే.

రోగ నిర్ధారణకు, మందు మానేయాలా అనే నిర్ణయానికి, కోర్టు కేసుకు, షేర్లు ఎప్పుడు కొనాలి అనేదానికి దీన్ని వాడకండి.

ఇది మన ప్రశ్నజ్యోతిషం లాంటిదేనా?

అక్కడ ప్రశ్న అడిగిన క్షణానికి లగ్నం కట్టి గ్రహాలు చూస్తారు. యీజింగ్‌లో గ్రహాలు లేవు, జాతకం అక్కర్లేదు, పుట్టిన టైము అసలే అక్కర్లేదు. అడిగిన సమయాన్ని బట్టి గువా తీసే పద్ధతి ఒకటుంది, దాని సంగతి కింద చెప్పాం. పోలిక అక్కడితో సరి.

మొదలుపెట్టడానికి ఏమేం కావాలి?

ఒకేరకం నాణేలు మూడు, ఒక నోట్‌బుక్, ఒక అనువాదం. ఒక్కటే అనువాదం. జేమ్స్ లెగ్ ఇంగ్లిష్ అనువాదం 1882లో వచ్చింది. రిచర్డ్ విల్‌హెల్మ్ జర్మన్ అనువాదం 1924లో, దాని ఇంగ్లిష్ రూపం 1950లో వచ్చాయి. రెంటిలో ఒకే గీత వాక్యం వేర్వేరుగా ధ్వనిస్తుంది. రెండూ పక్కన పెట్టుకుంటే నచ్చిన మాట ఎందులో ఉంటే అందులోకి కళ్లు పోతాయి. ఆరు నెలలైనా ఒకదానికే కట్టుబడి ఉండండి.

ఫెంగ్ షుయ్ షాపుల్లో ఎర్రదారంతో కట్టి అమ్మే చతురస్రపు చిల్లు నాణేలు దారం విప్పితే బాగానే పనికొస్తాయి. అవి దాదాపు ఎప్పుడూ నకళ్లే, పర్లేదు. చిక్కల్లా ఏ వైపు ఏదన్నదే. చైనా చివరి రాజవంశమైన చింగ్ కాలపు నాణేలకు రెండు వైపులా రాత ఉంటుంది. చిల్లు చుట్టూ నాలుగు చైనా అక్షరాలున్నది ముందు వైపు, దానికి విలువ 2. వెనకవైపు చిల్లుకు అటూ ఇటూ మంచూ లిపిలో నిలువుగా రెండు మాటలుంటాయి, దాని విలువ 3.

మన రూపాయి, రెండు రూపాయల నాణేలూ చాలు. సింహాల బొమ్మ ఉన్నవైపు 3, విలువ అంకె ఉన్న బొరుసు 2 అనుకోండి. తిరగేసి పెట్టుకున్నా నష్టం లేదు, నాణేలు విసిరాక మాత్రం మార్చకూడదు. మొదటి పేజీలోనే ఈ నియమం రాసిపెట్టుకోండి.

ప్రశ్న ఎలా ఉండాలి?

జవాబు అర్థం కాలేదని వచ్చేవాళ్లలో ఎక్కువమందికి తేడా ఇక్కడే వస్తుంది. ‘నా జీవితం ఎలా ఉంటుంది?’ అని అడిగితే 64లో ఏ గువా వచ్చినా సరిపోయినట్టే ఉంటుంది. అలా అడిగి లాభం లేదు. ‘ఉద్యోగం వస్తుందా, రాదా?’ అన్నదీ ఇబ్బందే, ఎందుకంటే వాక్యాలు అవును, కాదు అని చెప్పవు.

పనికొచ్చే ప్రశ్నలో మూడు ఉండాలి: చేయబోయే పని, గడువు, అడిగేవారు ఎవరన్నది. ‘వచ్చే మార్చిలోగా ఈ ఉద్యోగం వదిలి నేను సొంతంగా క్యాటరింగ్ మొదలుపెడితే ఏం ఎదురవుతుంది?’ ఇది మంచి ప్రశ్న. ‘క్యాటరింగ్ పెట్టాలా, టిఫిన్ సెంటర్ పెట్టాలా?’ అని ఒకే ప్రశ్నలో రెండు ఇరికిస్తే వచ్చిన గువా దేని గురించో తేలదు. విడివిడిగా రెండుసార్లు వేయండి. ఏది ముందు వేస్తారో కూడా ముందే రాయండి.

ప్రశ్నను మనసులో అనుకుంటే చాలదు, కాగితం మీద రాయాలి. వేశాక గువాకు తగ్గట్టు ప్రశ్నను కాస్త జరపడం మనిషికి చాలా తేలిక, అదీ తెలియకుండా జరిగిపోతుంది.

నాణేలతో ఎలా వేయాలి?

మూడు నాణేలనూ కలిపి గుప్పిట్లో ఆడించి బల్ల మీద వేయండి. మూడింటి విలువలు కూడండి. వచ్చేది 6, 7, 8, 9లో ఒకటి. 7 మారని నిండు గీత, 8 మారని తెగిన గీత. 9 నిండు గీతే గాని తెగిన గీతగా మారుతుంది. 6 తెగిన గీత, అది నిండు గీతగా మారుతుంది. ఇలా ఆరుసార్లు.

గీతలు కింది నుంచి పైకి వేసుకుంటూ పోవాలి. మొదటిసారి పడినది అట్టడుగు గీత. మనం రాసేది పైనుంచి కిందికి కాబట్టి చెయ్యి అలవాటుగా పైకే పోతుంది. నోట్‌బుక్‌లో ముందే కింది నుంచి 1 నుంచి 6 దాకా అంకెలు వేసుకుంటే ఆ గోల ఉండదు.

బల్ల మీంచి నాణెం కింద పడితే? పడినచోట పడినట్టే లెక్కేస్తారు కొందరు, మూడూ మళ్లీ వేస్తారు కొందరు. మీదేదో ముందే తేల్చుకోండి.

ఒక ఉదాహరణ మొత్తం చూపిస్తారా?

పైన రాసిన క్యాటరింగ్ ప్రశ్నకే వేద్దాం. కింది నుంచి 8, 8, 7, 8, 9, 7 పడ్డాయనుకోండి. ఐదోసారి మూడు నాణేలకూ బొమ్మే పడింది కాబట్టి 9.

గువాలో కింది మూడు, పై మూడు గీతల్ని విడిగా చూస్తారు, అలాంటి ప్రతి మూడు గీతల చిత్రానికీ ఒక పేరుంటుంది. కింది మూడు గీతలు తెగినది, తెగినది, నిండుది. ఇది పర్వతం (గెన్). పై మూడు తెగినది, నిండుది, నిండుది. ఇది గాలి (షున్). పుస్తకం చివర పట్టికలో కింద పర్వతం, పైన గాలి చూస్తే 53వ గువా, జ్యెన్: అంచెలంచెలుగా సాగడం. ఐదో గీత మారితే పైన కూడా పర్వతమే అవుతుంది, అంటే 52వ గువా.

మారే గీత ఒక్కటే కాబట్టి చదవాల్సింది 53లోని ఐదో గీత వాక్యం. ఈ గువా గీతల్లో ఒక అడవి బాతు నీటి ఒడ్డు నుంచి బండ మీదికి, అక్కణ్నుంచి మెట్టకు, చెట్టుకు, ఇలా పైపైకి చేరుతుంది. ఐదో గీతలో గుట్ట మీదికి చేరింది. భార్యకు మూడేళ్లు గర్భం రాదు, చివరికి ఏదీ ఆమెను ఓడించలేదు, శుభం అంటుంది వాక్యం.

దీన్ని క్యాలెండర్ పట్టుకుని మూడేళ్లు అని చదవకూడదు. పిల్లల ప్రస్తావన తెచ్చి పెట్టుకోనూ కూడదు. అడిగింది వ్యాపారం గురించి. ఫలితం చాలాకాలం చేతికి రాదు, పని మాత్రం చెడదు అన్నది దాని దారి. అప్పుడు మీ ముందు నిలిచే అసలు ప్రశ్న, అన్నాళ్లు లాభం రాకపోయినా ఇల్లు గడిచే ఏర్పాటు ఉందా అన్నది. నోట్‌బుక్‌లో ఒక్క వాక్యంలో మీ అర్థం రాసి, మార్చి నెలాఖరు తేదీ వేసి, ఆ రోజు తిరిగి చూడండి.

ఇవే ఆరు అంకెల్ని పొరపాటున పైనుంచి కిందికి వేసుంటే 54వ గువా వచ్చేది. దాని తీర్పు ‘ముందుకు పోతే కీడు, ఏ లాభమూ లేదు’. అంకెలు అవే, జవాబు మాత్రం పూర్తిగా ఎదురు.

మారే గీతలు రెండు మూడు వస్తే ఏది చదవాలి?

సోంగ్ కాలపు పండితుడు జూ షీ (1130–1200) పెట్టిన నియమాలు ఎక్కువమంది వాడతారు. మారే గీత లేకపోతే గువా తీర్పు చదవాలి. ఒకటైతే ఆ గీత. రెండైతే రెండూ, వాటిలో పైదానికి పెద్దరికం. మూడైతే మొదటి గువా, మారాక వచ్చిన గువా, రెండింటి తీర్పులూ. నాలుగైతే మారాక వచ్చిన గువాలో మారకుండా మిగిలిన రెండు గీతలు, అందులో కిందిదానికి పెద్దరికం. ఐదైతే రెండో గువాలో మారని ఆ ఒక్క గీత. ఆరూ మారితే రెండో గువా తీర్పు. మొదటి రెండు గువాలకు మాత్రం ఆ అదనపు వాక్యాలు అప్పుడే అక్కరకొస్తాయి.

ఇవి కాక వేరే నియమాలూ ఉన్నాయి. ఏదైనా సరే, ఒకటే. మారే గీతలన్నీ చదివేసి వాటిలో ఒకదాన్ని ఎంచుకునే వాళ్లకు ఎప్పుడూ మంచి జవాబే వస్తుంది.

నాణేలతో వేస్తే 100 సార్లలో సుమారు 18 సార్లు ఒక్క గీతా మారదు, 36 సార్లు ఒకటి, 30 సార్లు రెండు, 13 సార్లు మూడు మారతాయి. నాలుగు, ఆపైన మారేవి నాలుగుసార్లకు మించవు. మీ నోట్‌బుక్‌లో ఎప్పుడూ నాలుగేసి ఐదేసి గీతలు మారుతున్నాయంటే కూడికలో తప్పుంది.

పుల్లల పద్ధతి కష్టమా?

కష్టం కాదు, నిదానం. 50 పుల్లలు కావాలి. చైనాలో యారో అనే మొక్క కాడలు వాడతారు. మనకు అగరుబత్తుల్లో వాడే సన్న వెదురు పుల్లలు సరిపోతాయి. కొబ్బరి ఈనెలు ఒక కొస లావు, ఒక కొస సన్నం కావడంతో గుప్పిట్లో సరిగ్గా విడివడవు.

ఒక పుల్ల పక్కన పెట్టేయండి, దాన్ని ఇక ముట్టరు. మిగిలిన 49ని చూడకుండా రెండు కుప్పలు చేయండి. ఎడమది 22, కుడిది 27 అయిందనుకుందాం. కుడి కుప్ప నుంచి ఒకటి తీసి ఎడమచేతి చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ మధ్య పెట్టండి. ఎడమ కుప్పను నాలుగేసి చొప్పున తీస్తే 22లో 2 మిగులుతాయి. కుడి కుప్పలో ఉన్న 26లోనూ 2 మిగులుతాయి. వేళ్ల మధ్యది కలిపి 5. ఆ ఐదూ పక్కన పెడితే 44.

44ని మళ్లీ విడదీస్తే 19, 25. కుడి నుంచి ఒకటి తీస్తే 24. 19లో మిగిలేవి 3. 24లో ఏమీ మిగలదు, అలాంటప్పుడు చివరి నాలుగే మిగులు. మొత్తం 8, మిగిలినవి 36. మూడోసారి 17, 19 అయితే కుడి నుంచి ఒకటి తీశాక 18. మిగుళ్లు 1, 2, వేళ్ల మధ్యది ఒకటి, మొత్తం 4. చేతిలో 32 పుల్లలు. నాలుగుతో భాగిస్తే 8, మారని తెగిన గీత.

ఇది ఒక్క గీత. ఇలా ఆరు గీతలకు 18 విడతలు, కొత్తవారికి అరగంట పైనే పడుతుంది. మొదటి విడతలో పక్కన పెట్టేవి 5 లేక 9, తర్వాతి రెండు విడతల్లో 4 లేక 8 మాత్రమే రావాలి. వేరే అంకె వచ్చిందంటే లెక్క తప్పింది. చాలావరకు ‘ఏమీ మిగల్లేదు’ అన్నచోట నాలుగు బదులు సున్నా వేసుకోవడమే కారణం.

నాణేలకూ పుల్లలకూ ఫలితంలో తేడా ఉంటుందా?

ఉంటుంది. నాణేలతో 6, 7, 8, 9 వచ్చే అవకాశాలు 16లో వరసగా 2, 6, 6, 2. పుల్లలతో 1, 5, 7, 3. గీత మారే అవకాశం రెండింట్లోనూ పావు వంతే. పుల్లల్లో మాత్రం నిండు గీత మారడం తెగిన గీత మారడం కంటే మూడు రెట్లు ఎక్కువ.

పుల్లల లెక్క కావాలి, అరగంట లేదు అంటే 16 చింతగింజలు తీసుకోండి. ఒకటి ఎరుపు (6), ఐదు తెలుపు (7), ఏడు నలుపు (8), మూడు పసుపు (9). సంచిలోంచి ఒకటి తీసి, రాసుకుని, మళ్లీ సంచిలో వేసి, కలిపి, ఇంకొకటి తీయాలి. తిరిగి వేయడం మరిచిపోతే అవకాశాలన్నీ మారిపోతాయి. రంగు మందంగా పూస్తే వేలికి తెలిసిపోతుంది, పల్చగా పూయండి.

ఫోన్ యాప్‌తో వేస్తే పనికిరాదా?

వస్తుంది. నాణేల లెక్కా, పుల్లల లెక్కా అన్నది సెట్టింగ్స్‌లో చూసుకోండి. యాప్‌తో వచ్చే అసలు ఇబ్బంది వేగం. మూడు సెకన్లలో జవాబు వస్తే మళ్లీ నొక్కాలనిపిస్తుంది.

జవాబు నచ్చలేదు. మళ్లీ వేయొచ్చా?

దీనికి పుస్తకమే జవాబిచ్చింది. నాలుగో గువా మెంగ్ తీర్పులో ఇలా ఉంది: మొదటిసారి అడిగితే చెబుతాను, రెండోసారి మూడోసారి అడిగితే అది విసిగించడం, విసిగిస్తే చెప్పను. పరిస్థితి నిజంగా మారితే, కొత్త ఆఫర్ లెటర్ వచ్చినా, భాగస్వామి తప్పుకున్నా, అది కొత్త ప్రశ్న. అప్పుడు వేయండి.

‘పెద్ద నది దాటడం మేలు’ అని వచ్చింది. వీసా వస్తుందనా?

అమెరికా ప్రయత్నంలో ఉన్నవాళ్లు తరచూ అడిగేది ఇదే. ఐదో గువా షూ తీర్పులోనూ, ఇంకొన్నిచోట్లా ఈ మాట వస్తుంది. ఆ కాలంలో పెద్ద నది దాటడమంటే ప్రాణాపాయం ఉన్న పని. సాహసం చేయదగ్గ సమయం అన్నది దాని భావం. విమానం టికెట్ గురించి కాదు. పైగా ఐదో గువా పేరుకే ‘వేచి ఉండడం’ అని అర్థం.

ఇలా పదేపదే వచ్చే మాటల్ని నేర్చుకుంటే సగం చదువు అయినట్టే. జీ శుభం, శ్యుంగ్ కీడు. హ్వెయ్ అంటే పశ్చాత్తాపం, ఇంకా సరిదిద్దుకోవచ్చు. లిన్ అంటే ఇరకాటం. వూ జ్యూ అంటే తప్పు లేదు. ఈ చివరిదాన్ని చాలామంది శుభం అనుకుంటారు. ప్రమాదం పక్కనుంచి పోయింది, అంతే.

తేదీ, టైముతో గువా తీయొచ్చంటారు?

షావో యోంగ్ (1011–1077) పేరు మీద నడిచే ‘మెయ్‌హ్వా’ పద్ధతి అది. సంవత్సరపు జంతువు అంకె (ఎలుక 1 నుంచి పంది 12 వరకు), చైనా చాంద్రమాన నెల, రోజు కూడి 8తో భాగిస్తే శేషం పై మూడు గీతల్ని ఇస్తుంది. ఆ మొత్తానికి (శేషానికి కాదు) గంట అంకె కలిపి 8తో భాగిస్తే కింది మూడు, 6తో భాగిస్తే మారే గీత. శేషం సున్నా అయితే 8, లేదా 6 అని తీసుకోవాలి. శేషాల వరస: 1 ఆకాశం, 2 సరస్సు, 3 నిప్పు, 4 ఉరుము, 5 గాలి, 6 నీరు, 7 పర్వతం, 8 భూమి. గంటలు రెండేసి: రాత్రి 11 నుంచి 1 దాకా ఒకటి, 1 నుంచి 3 దాకా రెండు, అలా.

2025 ఫిబ్రవరి 5 ఉదయం 10 గంటలు తీసుకోండి. పాము సంవత్సరం 6, నెల 1, రోజు 8, మొత్తం 15, శేషం 7, పైన పర్వతం. గంట 6 కలిపితే 21, ఎనిమిదితో శేషం 5, కింద గాలి. ఆరుతో శేషం 3. అంటే 18వ గువా గూ, మూడో గీత మారి 4వ గువా మెంగ్.

తెలుగువాళ్లు పొరబడేది తిథి దగ్గర. చైనా నెల కూడా మన అమాంత నెలలాగే అమావాస్యకు ముడిపడిందే కదా అని పంచాంగంలోని తిథి వేసేస్తారు. చైనాలో బీజింగ్ కాలం ప్రకారం అమావాస్య ఘడియ పడిన రోజే నెలలో మొదటి రోజు. 2025 జనవరి 29 వాళ్లకు కొత్త సంవత్సరం తొలి రోజు, మనకు పుష్య బహుళ అమావాస్య. తిథికి క్షయం, వృద్ధి కూడా ఉంటాయి, చైనా రోజుల లెక్కలో అవి లేవు. చైనా క్యాలెండర్ చూసే వేయండి.

హాంకాంగ్ గుడిలో పుల్లలు ఊపుతారు, అది కూడా ఇదేనా?

అది వేరే. వాంగ్ తాయ్ సిన్ గుడిలో అంకెలు వేసిన 100 పుల్లల వెదురు గొట్టాన్ని మోకాళ్ల మీద కూర్చుని ఊపుతారు, ఒకటి బయటపడేదాకా. ఆ అంకెకు ఒక పద్యం ఉంటుంది. రెండు పడితే లోపల వేసి మళ్లీ ఊపుతారు. తైవాన్ గుళ్లలో ఆ పుల్ల సరైనదేనా అని జ్యావ్‌బెయ్‌తో అడుగుతారు. నెలవంక ఆకారపు చెక్కలు రెండు, ఒక వైపు చదును, ఒక వైపు ఉబ్బు. ఒకటి చదునుగా, ఒకటి ఉబ్బుగా పడితే అవును. రెండూ ఉబ్బు పైకి ఉంటే కాదు. రెండూ చదును పైకి ఉంటే దేవుడు నవ్వాడు, ప్రశ్న సరిచేసుకో అని. అవును, కాదు అని తేల్చే జవాబు కావాలనుకునేవాళ్లకు యీజింగ్ కంటే ఇదే నయం.

చైనా జోస్యులు పుస్తకం తెరవకుండానే చెబుతారే?

వాళ్లు నాణేలే వేస్తారు గాని లెక్క వేరు. హాన్ కాలపు జింగ్ ఫాంగ్ పేరుతో నడిచే ఆ పద్ధతిలో ప్రతి గీతకూ చైనావారి ఐదు తత్వాల్లో (చెక్క, నిప్పు, మట్టి, లోహం, నీరు) ఒకటి, ఒక బంధుత్వం కేటాయించి, వేసిన నెలకూ రోజుకూ పోల్చి చూస్తారు. వాక్యాలతో పెద్దగా పని ఉండదు. రెండు పద్ధతులూ కలిపితే రెండూ చెడతాయి.

కంప్యూటర్ల బైనరీ ఇందులోంచే పుట్టిందా?

లేదు. జర్మన్ గణిత పండితుడు లైబ్నిజ్ అంతకు ముందే బైనరీ లెక్క, అంటే 0, 1 రెండే అంకెలతో నడిచే లెక్క, కనిపెట్టాడు. చైనాలో ఉన్న బూవే అనే పాద్రీ పంపిన గువాల చిత్రం 1703లో చేతికందాక, తన లెక్క అందులో కనిపించి మురిసిపోయాడు.

మడి కట్టుకోవాలా? మాంసం తినొచ్చా? నెలసరిలో వేయొచ్చా?

మూల గ్రంథంలో ఇలాంటి నియమాలేమీ లేవు. జూ షీ శుభ్రమైన గది, మధ్యలో బల్ల, ధూపం, శుచిగా ఉండటం చెప్పాడు. అతని ఏర్పాటు నచ్చితే పాటించండి. టీవీ ఆపడం మాత్రం తప్పనిసరి అంటాం.

చెడ్డ గువా వచ్చింది, పరిహారం ఏమిటి?

యీజింగ్‌లో పరిహారాలు లేవు. హోమం, రాయి, ఉంగరం, యంత్రం, ఏదీ లేదు. ‘ఈ గువా దోషం, ఇంత కడితే పోతుంది’ అని ఎవరన్నా చెబితే అది పుస్తకంలోది కాదు, లేచి వచ్చేయండి. 29వ గువా, నీటి మీద నీరు, అందరూ భయపడేది. దాని తీర్పు కూడా నిబ్బరంగా ఉండి పని కొనసాగించమనే అంటుంది.

వేరేవాళ్ల కోసం వేయొచ్చా?

వాళ్లు అడిగితే వేయొచ్చు. ప్రశ్న వాళ్ల చేత్తో వాళ్ల మాటల్లో రాయించండి, నాణేలు వాళ్లనే వేయమనండి, అంకెలు మీరు రాయండి. అడగని మూడో మనిషి గురించి, ‘మా ఆడపడుచు మనసులో ఏముంది’ లాంటివి, వేయకపోవడం మంచిది. వాక్యంలోకి మీ అనుమానమే చదువుకుంటారు, ఇంట్లో గొడవ అవుతుంది.